హేగ్ సెంటర్లో 1890ల నాటి 138 మీటర్ల పాత ఫ్లాట్: కొనొచ్చా, పిచ్చిపనా?

కోనసీమ_కుర్రోడు
నెదర్లాండ్స్‌లో, హేగ్ ఊళ్లో జేహెల్డెన్‌క్వార్తీర్ అనే పాత పేటలో ఒక ఫ్లాట్ చూశాం. 1890ల నాటి బిల్డింగు. రెండో అంతస్తు, మూడో అంతస్తు కలిపి ఒకే ఇల్లు, 138 చదరపు మీటర్లు. హాలు వీధి వైపు నుంచి పెరటి వైపు దాకా ఒకటే సాగుడు. మధ్యలో రంగుటద్దాల జారుడు తలుపులు, 3.4 మీటర్ల ఎత్తు సీలింగు, దాని మీద పూలు, లతల సున్నప్పని. మా ఆవిడ లోపలికి అడుగుపెట్టగానే ఉయ్యాల బల్ల ఎక్కడ వెయ్యాలో చెప్పేసింది. అడుగుతున్న ధర 6,25,000 యూరోలు.

ఇప్పుడు రైస్‌వైక్‌లో 74 మీటర్ల అద్దింట్లో ఉంటున్నాం. లిఫ్టుంది, పార్కింగుంది, కాలు చాపుకునే చోటే లేదు. పాపకి నాలుగేళ్లు.

భయపెడుతున్న సంగతులు: ఎనర్జీ లేబుల్ ఎఫ్, అంటే వేడి నిలవని ఇల్లు. లిఫ్టు లేదు. ఓనర్ల సంఘంలో, అంటే వీవీఈలో, ఉన్నది ముగ్గురే. ఖాతాలో 2,100 యూరోలు, నెలకి తలా 30 కడుతున్నారట. మాకెలార్ని, అంటే ఇల్లమ్మే ఏజెంటుని, అడిగితే "చిన్న వీవీఈ కదా, అంతా స్నేహంగా మాట్లాడుకుంటారు" అన్నాడు. సోమవారం మధ్యాహ్నం లోపు బిడ్ వెయ్యాలి. వెయ్యొచ్చా? ఇదే డబ్బుతో జూటర్‌మేర్‌లో కొత్తిల్లు చూసుకోమంటారా?

మెట్లెక్కలేను
ఉయ్యాల బల్ల సరే, అది పైకి ఎలా వెళ్తుందో ముందు చూడు బ్రో. ఆ మెట్ల మీద మనిషి ఎక్కడమే గొప్ప.

అమ్‌స్టెల్‌వీన్_అక్క
నేనైతే వద్దంటాను, తిట్టుకోకండి. మీ అమ్మానాన్నలు విజిట్ వీసా మీద వస్తే తొంభై రోజులుంటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ నిటారు మెట్లెక్కి రెండో అంతస్తుకి చేరాక, మళ్లీ దిగడానికి ఇష్టపడరు. సెంటర్లో ఇల్లుండీ మూడు నెలలు కిటికీలోంచి ట్రామ్ చూస్తూ కూర్చుంటారు. మా ఆడపడుచు వాళ్లింట్లో సరిగ్గా ఇదే జరిగింది, వాళ్లది లైడెన్‌లో.

పైగా పాపని ఎత్తుకుని, చేతిలో సరుకుల సంచీలు, జనవరి వాన. సైకిళ్లు ఎక్కడ పెడతారు? మెట్ల దారిలో పెట్టనివ్వరు. 1970ల బిల్డింగుల్లో లిఫ్టు, స్టోర్ రూము రెండూ ఉంటాయి, గదులు కూడా చిన్నవేం కావు. చూడ్డానికి అందంగా ఉండవు, అంతే.

సీమసందు
అక్కా, అందం లేని ఇంట్లో ముప్పై ఏండ్లు లోన్ కట్టడం కూడా కష్టమే గదా.

గోడకిచెవులు
నాది హార్లెమ్, 1905 బిల్డింగు, నేనుండేది కింది అంతస్తులో. అంటే మీలాంటివాళ్ల కింద. చెక్క దూలాల మీద చెక్క పలకలు, మధ్యలో ఏమీ లేదు. పైన పిల్లాడు బొమ్మ కారు దొర్లిస్తే మా హాల్లో గూడ్సు బండి వెళ్లినట్టుంటుంది.

కొనేముందు వీవీఈ నియమావళి చదవండి. చాలాచోట్ల గట్టి ఫ్లోరింగు, అంటే టైల్సు, లామినేటు వేస్తే కింద వాళ్లకి చప్పుడు వెళ్లకూడదని ఉంటుంది. కింద సౌండు తగ్గించే పొర లేకుండా వేస్తే, పీకించమని అడిగే హక్కు వాళ్లకుంది. ఇప్పుడున్న ఓనరు పలకలు పాలిష్ పట్టించి "ఒరిజినల్ ఫ్లోర్" అని ఫోటోలు పెట్టాడంటే నాకైతే అనుమానమే. తివాచీ తీసేసి ఇల్లు అమ్మకానికి పెట్టి ఉంటాడు.

కోనసీమ_కుర్రోడు
@గోడకిచెవులు ఫోటోల్లో "ఒరిజినల్ ఫ్లోర్" అనే ఉంది 😐

వరంగల్_టు_రాటర్‌డామ్
నెలకు 30 యూరోలా? గది వీవీఈ గాదన్నా, చిట్టీ గూడ గాదు.

జర నిమ్మలంగ చదువు. గీ దేశంల బిల్డింగును ముక్కలు జేసి అమ్మితే వీవీఈ దానంతట అదే పుడతది, నువ్వు వద్దన్నా సభ్యుడివే. 2018 జనవరి నుంచి చట్టం ఏం జెప్తదంటే, ప్రతి ఏడాది పెద్ద రిపేర్ల కోసం పైసలు పక్కకు పెట్టాలె. రెండు దారులున్నయ్. ఒకటి, పదేండ్లకో అంతకంటె ఎక్కువకో మెయింటెనెన్స్ ప్లాన్ రాయించి దాని ప్రకారం. గది లేకుంటె, బిల్డింగు మళ్ల కడితే అయ్యే ఖర్చుల ఏటా కనీసం 0.5 శాతం. ఆ ఖర్చు ఇన్సూరెన్స్ పాలసీల రాసుంటది.

అనుకుందాం, మీ బిల్డింగు మళ్ల కడితే 9 లక్షలు. ఏటా 4,500 జమ గావాలె. మీ ముగ్గురు 30 చొప్పున కడితే 1,080 అయితది. లెక్క నువ్వే జూస్కో.

"స్నేహంగ మాట్లాడుకుంటరు" అంటె మీటింగులు లేవు, మినిట్స్ లేవు, కెవికెల, అంటే వాణిజ్య మండలిల, రిజిస్ట్రేషన్ గూడ ఉన్నదో లేదో. నిద్రపోతున్న వీవీఈ అంటరు దాన్ని. చానా బ్యాంకులు గసొంటి దానికి లోన్ ఇయ్యడానికి నసుగుతయ్.

మాకెలార్ని గివి అడుగు: కెవికె నంబరు, పోయిన మూడేండ్ల మినిట్స్, లెక్కలు, బిల్డింగు మొత్తానికి ఒకటే ఇన్సూరెన్స్ ఉన్నదా, విభజన దస్తావేజు. చివరిది మాత్రం నువ్వే చదువు, వానితోని చెప్పించుకోకు.

కోనసీమ_కుర్రోడు
ఇప్పుడే అడిగాను. దస్తావేజు పంపాడు, డచ్చిలో ముప్పై పేజీలు. మినిట్స్ లేవన్నాడు. ఇన్సూరెన్స్ ఎవరికి వాళ్లే చేయించుకున్నారట.

వరంగల్_టు_రాటర్‌డామ్
మూడు ఇండ్లకు మూడు ఇన్సూరెన్సులా. కప్పు మీద చెట్టు పడితే ఎవని కంపెనీ ఇస్తది? ముగ్గురు కంపెనీలోల్లు ఒకల్ల మొకం ఒకలు చూసుకుంటరు.

లెక్కలమాస్టారు
ఆ దస్తావేజులో "వాటా" ఎంతని ఉందో చూడండి. భిన్నంలో ఉంటుంది. చాలామంది ముగ్గురున్నారు కాబట్టి మూడో వంతు అనుకుంటారు. మీది రెండు అంతస్తులు, సగం కూడా ఉండొచ్చు.

కోనసీమ_కుర్రోడు
2/4 అని ఉంది మాస్టారూ. మిగతా ఇద్దరికీ చెరో 1/4.

లెక్కలమాస్టారు
అయితే వరంగల్ గారు చెప్పిన 4,500లో సగం మీదే. ఏటా 2,250, నెలకి 187. దీనికి తోడు ఇన్సూరెన్సు, బ్యాంకు ఖర్చులు. నెలకి 30 అనే సంఖ్యని మర్చిపోండి. వీవీఈకి కట్టేది పన్నులో తగ్గించుకోవడానికి కూడా వీల్లేదు, లోను వడ్డీకైతే ఆ సదుపాయం ఉంది.

రేపు కప్పు మార్చాల్సి వస్తే, ఖర్చు 30,000 అనుకుంటే మీ చేతి నుంచి 15,000. మంచి సంగతి ఏమిటంటే ఓట్లు కూడా చాలాచోట్ల వాటా ప్రకారమే. చెడ్డ సంగతి, మీకు సగమే ఉంది, సగం దాటి లేదు. మిగతా ఇద్దరూ కలిసి కాదంటే పని ఆగుతుంది.

ఇక చేతి డబ్బు. ఇక్కడ మామూలుగా ఇంటి విలువకి 100 శాతం దాకానే లోను. ధర మీద పడే ఖర్చులన్నీ సొంత జేబులోంచే:
రిజిస్ట్రేషన్ పన్ను 2 శాతం, 6,25,000కి అది 12,500. నోటారిస్ (దస్తావేజులు రాసి రిజిస్టర్ చేసే లాయరు), వాల్యుయేషన్, లోన్ అడ్వైజర్, మీ తరఫు మాకెలార్ ఉంటే ఆయన ఫీజు. అడిగిన ధర కంటే పైకి పాడి, వాల్యుయేషన్ అంత రాకపోతే ఆ తేడా కూడా మీదే.

35 ఏళ్లలోపు వాళ్లకి ఒకే ఒక్కసారి ఆ పన్ను మాఫీ ఉంది కానీ, ఇంటి విలువకి పరిమితి ఉంది. 2025లో 5,25,000, 2026లో 5,55,000. దాటితే మాఫీ మొత్తం పోతుంది, దాటిన ముక్క మీదే పన్ను అనుకోకండి. ఎన్‌హెచ్‌జీ అనే జాతీయ ఇంటిలోను గ్యారంటీకి పరిమితి ఇంకా తక్కువ, అదీ మీకు రాదు.

కొత్తగావచ్చా
మాస్టారూ, 30 శాతం రూలింగ్, అదే బయటి దేశాల నుంచి వచ్చిన ఉద్యోగులకిచ్చే పన్ను రాయితీ, ఉంటే బ్యాంకు లోను ఎక్కువ ఇస్తుందా?

లెక్కలమాస్టారు
ఎక్కువ బ్యాంకులు చూసేది స్థూల జీతమే. కొన్ని రూలింగ్‌ని కొంత లెక్కలోకి తీసుకుంటాయి. కానీ రూలింగ్ ఐదేళ్లు, లోను ముప్పై ఏళ్లు. ఆ ఐదేళ్ల జీతం చూసుకుని ఇల్లు కొనకండి.

డెల్ఫ్ట్_సివిల్
అందరూ పైకప్పు గురించి మాట్లాడుతున్నారు. కిందకి రండి.

నా పని నేలలూ పునాదులే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. ఈ దేశపు పడమటి సగంలో పాత ఇళ్లు చాలావరకు చెక్క స్తంభాల మీద నిలబడి ఉంటాయి. ఆమ్‌స్టర్‌డామ్ డామ్ స్క్వేర్లో ఉన్న రాజభవనం కింద 13,659 చెక్క స్తంభాలున్నాయని వినే ఉంటారు. చెక్క నీళ్లలో మునిగి ఉన్నంతకాలం దానికేమీ కాదు, శతాబ్దాలు నిలుస్తుంది. భూగర్భజలం దిగి స్తంభం తల గాలికి తేలితే బూజు పడుతుంది. కొన్ని రకాల చెక్కని, ముఖ్యంగా పైన్ని, నీళ్లలో ఉన్నా బాక్టీరియా తింటుంది. ఎండలు ముదిరిన ఏళ్లలో ఈ సమస్య పెరుగుతోంది. కాలువ నీటిమట్టం తగ్గించడం, లీకు డ్రైనేజీ పైపు భూగర్భజలాన్ని లాగేసుకోవడం, ఇలా కారణాలు చాలా.

హేగ్ సంగతి వేరు. అక్కడ పాత ఇసుక దిబ్బలున్నాయి, వాటి మధ్య పీట్ నేలలు, అంటే కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మెత్తటి నేలలు, ఉన్నాయి. లాన్ వాన్ మేర్డర్‌వోర్ట్ అనే పొడవాటి రోడ్డుకి సముద్రం వైపు ఇసుక, ఇటు వైపు పీట్ అని ఊళ్లో పాత మాట. డబ్బున్నవాళ్లు ఇసుక మీద, లేనివాళ్లు పీట్ మీద కట్టుకున్నారని. అది మోటు గీత మాత్రమే, ఒకే వీధిలో నేల మారిపోవచ్చు. గట్టి ఇసుక మీదైతే స్తంభాలే లేకుండా వెడల్పు పునాది వేసి కట్టారు, అక్కడ కుళ్లడానికేమీ లేదు. పీట్ మీదైతే స్తంభాలు. మీ బిల్డింగు ఏ రకమో మున్సిపాలిటీ ఆర్కైవులో పాత కట్టుబడి కాగితాలుంటే తెలుస్తుంది. అడగండి.

కంటితో చూసేవి: వీధి అవతలి పక్కన నిలబడి కిటికీల గడపలు, ఇటుక వరసలు ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూడండి. మెట్టు మెట్టుగా పాకిన పగుళ్లు, కొత్తగా సిమెంటు పూసిన పగుళ్లు. తలుపు పైన కోసి అతికించిన చెక్క ముక్కలు. ఒక గోళీ పట్టుకెళ్లి నేల మీద వదలండి. అన్ని పాత ఇళ్లూ కొంచెం వంగే ఉంటాయి, వందేళ్ల కింద వంగి ఆగిపోయిన ఇంటికి భయం లేదు. ఇంకా వంగుతూ ఉంటేనే సమస్య. ఆ తేడా గోళీ చెప్పదు, కొన్నేళ్ల కొలతలు చెప్తాయి.

పునాది మళ్లీ వెయ్యాలంటే కింది అంతస్తు నేల మొత్తం తవ్వాలి, ఒక్కో బిల్డింగుకి లక్ష యూరోలు దాటడం మామూలే. అదీ వాటా ప్రకారమే పంచుకోవాలి. రెండో అంతస్తులో ఉన్నాం కదా పునాదితో మనకేం పని అనుకునేవాళ్లని చాలామందిని చూశాను.

మెట్లెక్కలేను
అంటే గోళీల ఆట వచ్చినోళ్లే ఇల్లు కొనాలన్నమాట.

సీమసందు
ఏమబ్బా, ఇంతగా భయపెడితే ఇంగ యెవురు కొంటారు పాత ఇల్లు? మాది హార్లెమ్‌లోనే, 1912 ది. వీవీఈలో నలుగురం. మేము చేరినప్పుడు ఖాతాలో ఏమీ లేకుండె. కూర్చోని మాట్లాడి ప్లాన్ రాయించినాము, నెలకు 140 పెట్టినాము. పోయినేడు గట్టర్లు మార్చినాము, ఎవుర్నీ చెయ్యి చాపి అడగలేదు.

నాలుగున్నరకే సూర్యుడు పోయే డిసెంబర్లో ఆ ఎత్తు కిటికీల్లోంచి వచ్చే వెలుతురుకి నేను ఇంకో పదివేలు ఎక్కువైనా ఇస్తాను. కొత్త అపార్ట్‌మెంట్లలో 2.6 మీటర్ల సీలింగు కింద మా నాయిన పంచె దులపడానికి కూడా జాగా లేదు. మార్కెట్టు, లైబ్రరీ, రైల్వే స్టేషన్ అన్నీ నడక దూరం. కారు అమ్మేసినాము. ఆ లెక్క ఎవురూ రాయరు.

అమ్‌స్టెల్‌వీన్_అక్క
కారు అమ్మేశారు సరే, మెట్లు అమ్మలేరుగా 😄

సీమసందు
మా నాయినకి డెబ్భై నాలుగు. రోజూ ఎక్కతాడు. తిట్టుకుంటా ఎక్కతాడు, అది వేరే సంగతి.

ఉత్రెక్ట్_ఊర్మిళ
సెంటర్ అంటే ఊరికో గొడవ. మా ఊళ్లో ఔడఖ్రాఖ్ట్ కాలువ పక్క ఇళ్లకి రోడ్డు కింద సెల్లార్లుంటాయి. పైన లారీలు తిరుగుతాయి, కింద నీళ్లు కారతాయి, రిపేరు ఎవరిదన్న దాని మీద ఓనర్లకీ మున్సిపాలిటీకీ ఎప్పుడూ వాదనే. సెల్లార్ ఉన్న పాత ఇల్లు "బోనస్ స్పేస్" అని అమ్ముతుంటే రెండు సార్లు ఆలోచించండి. హేగ్‌లో మీకా బెంగ లేదు.

కాలువగట్టు
ఆమ్‌స్టర్‌డామ్ కూడా అంతే. 2020 సెప్టెంబరులో గ్రిమ్‌బుర్గ్‌వాల్ దగ్గర కాలువ గోడ కూలి నీళ్లలో పడింది, దాంతోపాటే వీధిలో కొంత ముక్క కూడా. అప్పట్నుంచీ ఊరంతా గోడల రిపేర్లే. కాలువ వ్యూ కోసం ఎక్కువ డబ్బులు పెట్టిన మా కొలీగ్‌కి నెలల తరబడి ఇనుప షీట్ల వ్యూ.

@కోనసీమ_కుర్రోడు, నేల సొంతమా, మున్సిపాలిటీ లీజా చూశారా? మా ఊళ్లో 1896 నుంచి లీజు పద్ధతి. కాలువల మధ్య పాత ఊళ్లో చాలావరకు సొంత నేలే, దాని చుట్టూ తర్వాత కట్టిన పేటల్లో లీజు. ముందే కట్టేశారా, కట్టేస్తే ఏ సంవత్సరం దాకా, తర్వాత ఎంత అవుతుంది, ఈ మూడూ చూడకుండా ధర పోల్చడం దండగ.

కోనసీమ_కుర్రోడు
సొంత నేలే అని కడాస్టర్ (భూమి రికార్డుల ఆఫీసు) కాగితంలో ఉంది. ఒక గండం గడిచింది.

కొత్తగావచ్చా
నవ్వకండి. వాస్తు సంగతి ఎవరూ మాట్లాడలేదేంటి? గుమ్మం ఎటు?

కోనసీమ_కుర్రోడు
నైరుతి. మా అత్తగారికి ఇంకా చెప్పలేదు.

మెట్లెక్కలేను
వీధి గుమ్మం వీవీఈది, ముగ్గురి ఉమ్మడి ఆస్తి. దోషం కూడా వాటా ప్రకారం పంచుకోండి. నీకు సగం.

ఉత్రెక్ట్_ఊర్మిళ
😂😂 వీవీఈ అజెండాలో మొదటి అంశం, నైరుతి దోష నివారణ.

గోడకిచెవులు
వంటింటి గురించి ఒక మాట. పాత ఇళ్లలో చాలాచోట్ల చిమ్నీ బయటికి వెళ్లదు, పొగని ఫిల్టర్ చేసి మళ్లీ గదిలోకే వదిలే రకం. ఆలుగడ్డ సూప్ చేసుకునేవాళ్లకి సరిపోతుంది. ఇంగువ తాలింపు, ఎండు చేపలు, వేపుడు అంటే ఆ ఎత్తు సీలింగు నిండా అదే వాసన. బయటికి పైపు పెట్టాలంటే గోడకి కన్నం కొట్టాలి. గోడ వీవీఈది, అనుమతి కావాలి. మీ పేట సంరక్షిత నగర ప్రాంతం కాబట్టి వీధి వైపు గోడైతే మున్సిపాలిటీ కూడా. పెరటి వైపైతే కొంచెం నయం.

డెల్ఫ్ట్_సివిల్
దాన్ని బట్టే కిటికీలు కూడా. ఫ్రేములు మామూలుగా ఉమ్మడి ఆస్తి. డబుల్ గ్లాసు వెయ్యాలంటే ఒక్కడే నిర్ణయించుకోలేడు. అందుకే చాలామంది లోపలి వైపు రెండో కిటికీ పెట్టించుకుంటారు, అనుమతుల గొడవ తక్కువ. రంగుటద్దాలు ఉన్నచోటే ఉంటాయి. మీది పై అంతస్తు కాబట్టి కప్పుకి ఇన్సులేషన్ అన్నిటికంటే ముందు. కప్పు రిపేరు చేసే రోజే ఇన్సులేషన్ కూడా వేయించండి, విడివిడిగా చేస్తే ఖర్చు ఎక్కువ.

లెక్కలమాస్టారు
ఎఫ్ లేబుల్ ఇంటికి, ఎనర్జీ పొదుపు పనుల కోసమే 20,000 దాకా అదనపు లోను లెక్కలోకి తీసుకోవచ్చు. ఆ డబ్బు బ్యాంకు దగ్గరే విడిగా ఉంటుంది, బిల్లులు చూపించి తీసుకోవాలి. అడ్వైజర్ని అడగండి, మర్చిపోతారు వాళ్లు.

పాతబస్తీ_సైకిల్
ఇంత చర్చ ఎందుకు భయ్యా. సెంటర్లో 138 మీటర్లు అంటే పదిమంది పాడతారు. ఫైనాన్స్ కండిషన్ తీసెయ్, ఇన్‌స్పెక్షన్ కండిషన్ తీసెయ్, 6,80,000 రాసి పంపు. నేను అట్లనే కొన్నా.

వరంగల్_టు_రాటర్‌డామ్
నీకు కుదిరిందన్నా, మంచిదే. లోన్ రాకుంటె ఏమైతుండె? కండిషన్ లేకుండ సంతకం పెట్టి వెనక్కు తిరిగితే ధరల పది శాతం జరిమానా. 68,000. గా మనిషి చిన్న పాపతోని ఉన్నడు.

పాతబస్తీ_సైకిల్
మూడు రోజులు ఉంటది కదా వెనక్కి తగ్గడానికి.

లెక్కలమాస్టారు
ఉంటుంది. కాంట్రాక్టు కాపీ చేతికొచ్చిన మర్నాటి నుంచి మూడు రోజులు, అందులో రెండు పనిదినాలు ఉండాలి. కారణం చెప్పక్కర్లేదు. అమ్మేవాళ్లకి ఆ హక్కు లేదు. కానీ నిద్రపోతున్న వీవీఈ ఉన్న ఇంటికి బ్యాంకు మూడు రోజుల్లో ఏం తేలుస్తుంది? ఆ గడువు మనసు మారినవాళ్లకి, లోను రానివాళ్లకి కాదు.

సీమసందు
ధర ఒక్కటే కాదు. అమ్మేటోళ్లకి ఏం కావాలో కనుక్కో. మాకు ఇల్లొచ్చింది అట్లనే. వాళ్ల కొత్తిల్లు పూర్తి కాలే, ఐదు నెలలు ఆగుతాము అన్నాము. మా కంటే ఎక్కువ పాడినోళ్లని కాదని మాకిచ్చినారు.

కోనసీమ_కుర్రోడు
బిడ్ వేశాం. సీమసందు అన్న చెప్పినట్టు కనుక్కుంటే వీళ్లకీ కొత్తిల్లు ఆలస్యమేనట. మా అద్దె ఎప్పుడైనా ఖాళీ చెయ్యొచ్చు కాబట్టి తేదీ మీ ఇష్టం అన్నాం. 6,42,000 రాశాం. మూడు కండిషన్లు: లోను, ఇన్‌స్పెక్షన్ (వెంటనే చెయ్యాల్సిన రిపేర్లలో మా మీద పడేది 10,000 దాటితే తప్పుకోవచ్చు), ఇల్లు చేతికిచ్చే లోపు వీవీఈ రిజిస్టర్ చేసి, బిల్డింగు మొత్తానికి ఒకటే ఇన్సూరెన్స్ తియ్యాలి.

పాతబస్తీ_సైకిల్
మూడో కండిషన్ చూసి మాకెలార్ నవ్వుతడు.

కోనసీమ_కుర్రోడు
నవ్వలేదు. ఒప్పుకున్నారు! మా కంటే ఎక్కువ పాడినవాళ్లు ఇద్దరున్నారట.

అమ్‌స్టెల్‌వీన్_అక్క
సరే, శుభం. మెట్లకి రెండు వైపులా చేతిపట్టీ పెట్టించండి. అది మాత్రం నా మాట వినండి.

గోడకిచెవులు
ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు ఇంట్లోనే ఉండండి, రిపోర్టు కోసం కూర్చోకండి. నోటితో చెప్పేవి కాగితం మీద సగం కూడా రావు.

కోనసీమ_కుర్రోడు
ఇన్‌స్పెక్షన్ అయింది. ఆయనతోనే తిరిగాను. పునాది: స్తంభాలు కాదు, ఇసుక మీద వెడల్పు పునాది అని ఆర్కైవు కాగితాల్లో దొరికింది, పగుళ్లు పాతవే, కదలిక ఆగిపోయిందన్నాడు. @డెల్ఫ్ట్_సివిల్ అన్నకి దండం.

కప్పు మీద తారు షీటు వయసైపోయింది, రెండేళ్లలో మార్చాలి, 18,000 అంచనా. పెరటి వైపు బాత్రూం కింద రెండు దూలాల కొనలు గోడలోకి దూరే చోట తడిసి మెత్తబడ్డాయి. మీటరు అలమారాలో ఒక ముక్క సీసం పైపు. బాయిలర్ వెనక ఆస్‌బెస్టాస్ షీటేమోనని అనుమానం. వెంటనే చెయ్యాల్సినవాటిలో మా మీద పడేది 13,500 తేలింది.

మాకెలార్తో మాట్లాడితే 6,000 తగ్గించారు. 6,36,000. వాల్యుయేషన్ 6,40,000 వచ్చింది.

లెక్కలమాస్టారు
చక్కగా కుదిరింది. పన్ను 12,720. వాల్యుయేషన్ ఫీజు, అడ్వైజర్ ఫీజు, లోను దస్తావేజుకి నోటారిస్ తీసుకున్నది, ఈ బిల్లులు దాచుకోండి, ఈ ఏడాది రిటర్న్‌లో చూపించొచ్చు. ఇల్లు బదిలీ దస్తావేజు ఖర్చు, 2 శాతం పన్ను చూపించడానికి లేదు.

కాంట్రాక్టులో "పాత ఇంటి క్లాజు" ఉంటుంది, చదివారా? వయసు వల్ల వచ్చే లోపాలకి అమ్మినవాళ్లది పూచీ కాదని. ఆస్‌బెస్టాస్‌కి విడిగా ఇంకోటి. 1994 కంటే ముందు కట్టిన ఇంటికి అది మామూలే కానీ, ఆ షీటు ముక్క మాత్రం ముందే పరీక్ష చేయించండి.

డెల్ఫ్ట్_సివిల్
దూలాల కొనలు చిన్నచూపు చూడకండి. తడి ఎక్కడి నుంచి వస్తోందో ముందు ఆపాలి: బాత్రూం లీకా, బయటి గోడలో ఇటుకల మధ్య సున్నం రాలిపోయిందా. కుళ్లిన కొన కోసేసి రెజిన్‌తోనో కొత్త చెక్కతోనో అతుకుతారు, మామూలు పనే. కారణం ఆపకుండా అతికితే మళ్లీ కుళ్లుతుంది. సీసం పైపు మొదటి వారంలోనే మార్చేయండి, పాప ఉంది. 1960 కంటే ముందు ఇళ్లలో ఇలా ముక్కలు మిగిలిపోతుంటాయి.

కోనసీమ_కుర్రోడు
ఒక చిక్కు. కింది అంతస్తు ఆవిడ వీవీఈకి సరే అంది, ఎన్నాళ్ల నుంచో ఆవిడకే ఇది కావాలట. మొదటి అంతస్తు ఓనరు అద్దెకిచ్చి ఎక్కడో ఉంటాడు, ఈమెయిళ్లకి జవాబు లేదు. అతను సంతకం పెట్టకపోతే?

వరంగల్_టు_రాటర్‌డామ్
రిజిస్ట్రేషన్‌కు వాని సంతకం అక్కర లేదు. దస్తావేజుల రాసిన పద్ధతి ప్రకారం, గడువు ఇచ్చి మీటింగ్ పిలువుర్రి. వాడు రాకున్నా ఉన్నోల్లు ఓటేసుకోవచ్చు, కోరం ఎంతనో మాత్రం నియమావళిల చూడు. మీకు సగం, ఆమెకు నాలుగో వంతు, మూడొంతులు మీ దిక్కే ఉన్నది. ఇల్లు ఇంక నీ పేరు మీద గాలేదు గాబట్టి ఇప్పుడు ఆ సగం ఓటు అమ్మేటోనిది, వాన్ని కదిలించు. అవసరమైన పనికి కారణం లేకుండ అడ్డం పడితే కాంటన్ జడ్జి, అంటే చిన్న కోర్టు జడ్జి, దగ్గరికి పోయి అనుమతి తెచ్చుకోవచ్చు. గా మాట ఈమెయిల్ల మర్యాదగ రాయమను. జవాబు వస్తది.

ఇంకోటి. పాత ఓనరు వీవీఈకి బాకీ ఉంటె, ఈ ఏడాదిది, పోయిన ఏడాదిది నీ మెడకు చుట్టుకుంటది. నోటారిస్ బాకీలు, ఖాతాల ఉన్న పైసల గురించి వీవీఈ దగ్గర కాగితం తీసుకోవాలె. కాగితం ఇచ్చేటోడు లేని వీవీఈ గదా మీది, ముందే తయారు చేయించు.

కోనసీమ_కుర్రోడు
రాయించాను. రెండో రోజే జవాబు వచ్చింది. "సమయం దొరకలేదు" అట. మీటింగు జరిగింది, కెవికె నంబరు వచ్చింది, వీవీఈ పేరు మీదే ఖాతా తెరిచారు, ఇన్సూరెన్స్ ఒకటే చేశారు. కింది ఆవిడ అధ్యక్షురాలు. ఆవిడకి 81 ఏళ్లు, మా అందరికంటే హుషారు.

కొత్తగావచ్చా
అన్నా, సామాన్లు ఎక్కించడానికి వీధిలోంచి కిటికీ దాకా వెళ్లే లిఫ్టు ఎవరి దగ్గర తీసుకుంటున్నారు? నంబరు ఇవ్వరూ.

మోడరేటర్
నంబర్లు, కంపెనీ పేర్లు ఇక్కడ వద్దు. ప్రైవేటు మెసేజ్‌లో అడగండి.

ఉత్రెక్ట్_ఊర్మిళ
లిఫ్టు పెట్టే చోట ఆ రోజుకి పార్కింగు ఖాళీ ఉంచాలంటే మున్సిపాలిటీకి ముందే చెప్పుకోవాలి, లేకపోతే ఎవడో కారు పెట్టేసి ఉంటాడు. కిటికీ తెరిచినంత వెడల్పే కొలవండి, ఫ్రేము మొత్తం కాదు. మా ఫ్రిజ్ రెండు సెంటీమీటర్ల తేడాతో మళ్లీ కిందకి దిగింది.

వరంగల్_టు_రాటర్‌డామ్
@కోనసీమ_కుర్రోడు తాళాలు చేతికొచ్చినంక మొదటి మీటింగుల రెండే అడుగు. మెయింటెనెన్స్ ప్లాన్ ఎవరితోని రాయించాలె, నెలకు ఎంత. కప్పు, కిటికీలు, రంగులు అన్నీ ఒకేసారి పెడితే మొదటి అంతస్తోడు మళ్ల మాయమైతడు. నెల చందా పెంచుడు మాత్రం అదే రోజు ఓటుకు పెట్టు, నెక్స్ట్ మీటింగుకు అనకు.

కోనసీమ_కుర్రోడు
అజెండా అలాగే రాశాను. నెలకి 190 అని పెట్టాను నా వాటాకి, వాళ్లకి చెరో 95. కింది ఆవిడ ఇప్పుడే ఫోన్ చేసి అడిగింది, 200, 100 చేస్తే లెక్క సులువు కదా అని.

లెక్కలమాస్టారు
ఒప్పేసుకోండి, ఆవిడ మనసు మార్చుకునేలోపు.